చురుక్కుమనే జరీ

జూలై 6, ఆదివారం

ఎన్నాళ్ళ కోరికో ఇవాళ తీరింది. ముందు గదిలో ఇత్తడి లైటు వెలిగింది. బెంగళూరు చిక్కపేటలో చూసినప్పటి నుంచీ అది నా కళ్ళ ముందే ఊగుతోంది. తామరపువ్వులా విచ్చుకున్న రేకులు, రేకు రేకుకీ ఒక పసుపు బల్బు, పైన గొలుసు. దానికి జోడుగా స్విచ్చులకు ఇత్తడి పలకలు కూడా తెచ్చాను.

ట్యూబులైటు కింద పట్టుచీర పరిస్తే జరీ జ్వరం పడి లేచినట్టు పాలిపోయి కనిపించేది. ఈ లైటు కింద అదే చీర కళకళలాడింది. ధర్మవరంలో చీరలమ్మే ఇళ్ళకు కొదవ లేదు. చీర బాగుంటే చాలదు, చీర మీద పడే వెలుతురూ బాగుండాలి. ఈ సంగతి పక్కింటి సంజీవప్పకు ఇంకా తెలియదు. ఆయనా నాలాగే ముందు గదిలో చీరలు అమ్ముతాడు. తెలియకపోవడమే మంచిది.

మా వీధిలో అందరి కరెంటు పనులూ చేసే ఎర్రప్పే వచ్చి బిగించాడు. లైటుకు మూడు వైర్లున్నాయి. ఎరుపూ నలుపూ తగిలించి, ఆకుపచ్చదాన్ని టక్కున కత్తిరించేశాడు. కమలాక్షి వెనక గదిలో మగ్గం దిగి వచ్చి చూస్తోంది.

“ఆ పచ్చ వైరు ఎందుకు కత్తిరిస్తాండావు ఎర్రప్పా?” అంది.

“అది ఎర్తుది వదినా. మీ ఇంట్లో లైట్లకు ఎర్తే లేదు, యాడ తగిలించేది? ఊరికే అందానికి ఇస్తారు కంపెనీవాళ్ళు.”

“అందానికిచ్చేది ఎవురికీ అగుపడకుండా లోపల పెట్టి ఇస్తారా?”

ఎర్రప్ప నా వైపు చూశాడు. నేను నా భార్య వైపు చూశాను. పని జరిగేచోట ప్రశ్నలు వేస్తే పని సాగదని మెల్లగా చెప్పాను. ఆమె మళ్ళీ మగ్గం ఎక్కింది. మగ్గం పలక దెబ్బలు మామూలు కంటే గట్టిగా వినిపించాయి.

జూలై 8

లైటు తుడుస్తుంటే వేలికి చురుక్కుమంది. కొత్త వస్తువు కదా.

జూలై 9

మళ్ళీ చురుక్కుమంది. కొత్తదనం ఇంకా పోలేదు.

జూలై 11, శుక్రవారం

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందట.

ఉదయం పూజ చేసుకుని ముందు గదిలోకి వచ్చి, పీట వేసుకుని దాని మీద నిలబడి, ఇత్తడి స్విచ్చు పలక మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుంది. ఏం చేస్తున్నావని అడిగాను.

“గమ్మునుండప్పా. కరెంటు వైద్యం. అనంతపురంలో మా చెల్లెలు దుడ్డిచ్చి పోతాంది దీనికి. మనింట్లో ఊరికే వస్తాంది.”

కమలాక్షి వంటింట్లోంచి పరుగున వచ్చి అమ్మను పీట మీంచి దించింది. “అత్తా, అది వైద్యం కాదు, షాకు” అంది. “షాకే వైద్యము” అంది అమ్మ. ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉందని అన్నాను. ఇద్దరికీ కోపం వచ్చింది.

ఎర్రప్పకు ఫోన్ చేశాను. “వానాకాలం గదన్నా, చెమ్మకు అట్లే ఉంటాది. ఎండ కాస్తే పోతాది” అన్నాడు. నాకూ అదే అనిపించింది.

జూలై 14, సోమవారం

ఈరోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

చెన్నేకొత్తపల్లి నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. ఆషాఢంలో బేరాలే ఉండవు, వచ్చిన ఒక్క బేరం పోగొట్టుకోలేను. పరుపు మీద కూర్చోబెట్టి చీరలు పరిచాను. వంకాయరంగు చీర పెద్దావిడకు నచ్చింది. జరీ చూద్దామని పరుపు మీదే లేచి నిలబడి కొంగు పైకెత్తి లైటు దగ్గర పట్టింది. అంచు ఇత్తడి రేకుకు తగిలింది.

“అమ్మో! కరిచింది!” అని చీర వదిలేసింది.

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

“అసలు జరీ గదమ్మా. దాంట్లో వెండి ఉంటాది. వెండిలో కరెంటు పారుతాది. దొంగ జరీ అయితే మీకేమీ తెలిసేదే కాదు.”

ఆమె భయం ఆశ్చర్యంగా మారడం నా కళ్ళతో చూశాను. “నువ్వు పట్టుకోమే” అని కూతురికి చెప్పింది. కూతురు కొంగు పట్టుకుని లైటుకు ఆనించి కిలకిలా నవ్వింది. “అవునుమా, చీమలు పారినట్లుంది!”

ఒక చీర కొందామని వచ్చినవాళ్ళు రెండు కొన్నారు.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. మా జరీ అసలుదే. వెండిలో కరెంటు పారుతుందన్నదీ నిజమే. రెండు నిజాలను పక్కపక్కన పెట్టాను, అంతే.

జూలై 17

“షాకు చీరలు అమ్మేది ఈడేనా?” అని ఎవరో ఆటో దిగి అడిగారు. ఆషాఢంలో! ఆటో డ్రైవర్లకు కూడా మా ఇల్లు తెలిసిపోయింది.

మధ్యాహ్నం సంజీవప్ప వచ్చాడు. ఊరికే పలకరించడానికి వచ్చానన్నాడు. మజ్జిగ తాగినంత సేపూ తల పైకెత్తే ఉంచాడు. మజ్జిగ చొక్కా మీద పడింది.

జూలై 18, శుక్రవారం

కమలాక్షి రబ్బరు చెప్పులు వేసుకుని ముందు గదిలోకి వచ్చింది. పట్టుచీరలున్న గదిలోకి, లక్ష్మీదేవి పటం ముందుకి, చెప్పులతో.

“చెప్పులు విడువు. ఈడ చీరలుండాయి” అన్నాను.

“చీరలుండేది అగుపడ్తాంది నీకు. మనుషులుండేది అగుపడలేదా?”

నేయడం అయిపోయిన చీరను నా చేతికివ్వకుండా గుమ్మం దగ్గరే పెట్టింది. ఆ లైటు తీసేదాకా మగ్గం మీది చీర ముందు గదికి రాదని చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఊరికే చురుక్కుమంటుంది, అందరూ నవ్వుతున్నారు కదా అన్నాను.

“మా చిన్నత్త గూడా ముందు రోజు నవ్వింది” అంది.

ఆ సంగతి నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. పెనుకొండలో వాళ్ళ చిన్నత్త వానలో బట్టలు తీయబోయి, ఆరేసే తీగ పట్టుకుని పోయింది. ఆ తీగ అంతకు ముందు రోజు నుంచే చురుక్కుమంటోందట. కమలాక్షికి అప్పుడు పదేళ్ళు. చూసింది.

ఏమనాలో తెలియక, “ఆడ వాన. ఈడ ఇల్లు” అన్నాను.

ఆమె వెనక గదిలోకి వెళ్ళి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

జూలై 19

కమలాక్షి పెనుకొండలో పుట్టింటికి వెళ్ళింది. ఆషాఢంలో ఆడవాళ్ళు పుట్టింటికి పోవడం మన సంప్రదాయమే. అది కొత్త పెళ్ళికూతుళ్ళకేనని అమ్మ అంటుంది. సంప్రదాయంలో కొత్తా పాతా ఏముంది?

జూలై 20, ఆదివారం

మగ్గం చప్పుడు లేకపోతే మధ్యాహ్నం హాయిగా నిద్ర పడుతుందని ఎన్నోసార్లు అనుకునేవాణ్ణి.

పట్టలేదు.

జూలై 21, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు నావి కావు.

లైటు నేనే సరిచేద్దామనుకున్నాను. ఎవరికో భయపడి కాదు. ఇంటి యజమానికి ఇంటి పనులు తెలిసి ఉండాలి. ఫోన్లో రెండు వీడియోలు చూశాను. రెండో వీడియోలో మనిషి తమిళంలో చెప్పాడు, అయినా చేతులు చూస్తే అర్థమైంది.

స్విచ్చు ఆపాను. బల్బులు ఆరిపోయాయి. ఆరిపోయిన లైటులో కరెంటు ఉండదని ఎవరైనా అనుకుంటారు. పరుపు పక్కకు లాగి, ఇనుప స్టూలు వేసుకుని ఎక్కి, రేకుల పైన ఉండే ఇత్తడి గిన్నెను కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. చెయ్యి నాది కాకుండా పోయింది. పళ్ళు కరుచుకుపోయాయి. స్టూలు ఒరిగిపోయింది, అందుకే బతికాను. లేకపోతే ఆ చెయ్యి దాన్ని వదిలేది కాదు. లాగేసిన పరుపు మీద వెల్లకిలా పడ్డాను. పైన లైటు ఊగుతోంది. ఆరిపోయే ఉంది. ఎంత అందంగా ఉందో.

అమ్మ వచ్చి చూసింది.

“ఏమప్పా, నీక్కూడా మోకాళ్ళ నొప్పా?”

ఆమె వచ్చేటప్పటికే నా కళ్ళలో నీళ్ళున్నాయి. నొప్పికే.

జూలై 22, మంగళవారం

పెనుకొండ వెళ్ళాను. చేనేత సంఘంలో పని ఉంది. పని పది నిమిషాల్లో అయిపోయింది, అంటే సంఘం ఆఫీసు మూసి ఉంది. ఎట్లాగూ వచ్చాను కదా అని అత్తగారింటికి వెళ్ళాను.

కమలాక్షి అరుగు మీద విత్తనానికి వేరుశనగ వలుస్తోంది. నా కుడిచెయ్యి చూసింది. చొక్కా పొడుగు చేతులది వేసుకున్నా, వేళ్ళు వణకడం కనిపిస్తుంది కదా.

“స్విచ్చు ఆపే పట్టుకున్నా” అన్నాను. ఎందుకో ఆ ఒక్కటి ముందు చెప్పాలనిపించింది.

“స్విచ్చు ఎవురు పెట్టినారు? ఎర్రప్పే గదా. కరెంటు వచ్చే వైరుకు పెట్టల్ల స్విచ్చు. ఆయప్ప పోయే వైరుకు పెట్టింటాడు. బల్బు ఆరిపోతాది, కరెంటు మాత్రం లైటు దాకా వచ్చి ఆడనే కూచునుంటాది. మెయిను తియ్యకుండా ఎట్ల ముట్టుకున్నావు?”

“ఇదంతా నీకెట్ల తెలుసు?”

“చిన్నత్త పోయినాక మా నాయన ఇంట్లో ఉండేవాళ్ళందరికీ నేర్పించినాడు. మెయిను తియ్యల్ల, టెస్టరు పెట్టి చూడల్ల, ఆ టెస్టరు పని చేస్తాందా లేదా అని ముందు ఇంగో చోట చూసుకోవల్ల. మాకు ఎక్కాలు రాకున్నా ఇది రావల్ల.”

ఆమె వలవడం ఆపలేదు. కొంచెం సేపటికి తనే మళ్ళీ అంది: “వచ్చినోళ్ళు పరుపు మీద కూచుంటాండారు, అత్త పీట మీద నిలబడ్తాంది. అందుకే చురుక్కుతో పోతాంది. తడికాళ్ళతో నేల మీద నిలబడి ఎవురన్నా పట్టుకుంటే?”

నేను గోడ వైపు చూశాను. గోడ మీద వాళ్ళ చిన్నత్త ఫోటో ఉంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వెళుతున్నాను. ఆమె అంత చిన్నదని ఎప్పుడూ గమనించలేదు. నవ్వుతోంది.

బావమరిది సుధాకర్ రాగిసంగటి తిని పొమ్మన్నాడు. తిన్నాను. రేపే లైటు తీయిస్తానని కమలాక్షికి మాటిచ్చి బస్సెక్కాను. “తీసినాక ఫోన్ చెయ్, వస్తా” అంది.

జూలై 23, బుధవారం

ఎర్రప్ప ఫోన్ ఎత్తలేదు. వెతుక్కుంటూ పోతే సంజీవప్ప ఇంట్లో ఉన్నాడు. నిచ్చెన మీద. ఇత్తడి లైటు బిగిస్తూ.

మా లైటే. రేకులు రెండు ఎక్కువ.

ఎర్రప్ప నన్ను బయటికి తీసుకొచ్చి గుసగుసగా అడిగాడు: “అన్నా, కొంచెం సాయం చెయ్. నీ లైటు లెక్కనే చురుక్కుమనల్లంట ఆయప్పకు. పొద్దున్నుంచీ తిప్పలు పడ్తాండా. నీ ఇంట్లో ఎట్ల చేసినానో నాకే గుర్తు లేదు.”

వీధిలో నిలబడి ఆ మాట విన్నాను. నాకు నవ్వు రావాలి. రాలేదు. సంజీవప్ప కోడలు స్వాతి ఆ గదినే తడిగుడ్డతో తుడుస్తోంది. ఏడో నెల. చేత్తో నడుము పట్టుకుని లేచి, ఒట్టికాళ్ళతో, ఆ తడి మీదే నడిచి లోపలికి వెళ్ళింది.

చెప్పాలి. కానీ చెబితే, మా లైటు సంగతీ చెప్పాల్సి వస్తుంది. జరీ సంగతీ. సంజీవప్ప దాన్ని ఊరంతా ఎట్లా చెప్పుకుంటాడో నాకు తెలుసు.

రేపు చెప్తాను.

జూలై 24, గురువారం

రేపటి నుంచి శ్రావణం. హిందూపురం నుంచి శారదమ్మగారు ఫోన్ చేశారు. కొడుకు పెళ్ళి, ఇంటిల్లిపాదికీ చీరలు కావాలి. “ఆ షాకు చీరలు మా వైపు దాకా పేరొచ్చినాయప్పా” అన్నారు. సంవత్సరానికి ఒకసారి వచ్చే బేరం.

ఆ ఒక్క బేరం అయిపోగానే లైటు తీసేస్తాను.

సంజీవప్పకు ఇవాళ చెప్పడం కుదరలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, నేనూ ఇంట్లోనే ఉన్నాను, అయినా కుదరలేదు.

కమలాక్షికి ఫోన్ చేసి లైటు తీసేశానని చెప్పాను. రేపటికి అది నిజమవుతుంది కాబట్టి దీన్ని అబద్ధం అనడానికి లేదు.

జూలై 25, శుక్రవారం

పొద్దున్నే వాన మొదలైంది. శారదమ్మగారు కారులో వచ్చారు. వెంట ఆమె చెల్లెలూ, కాబోయే కోడలు భాగ్యశ్రీనూ. వీధిలో బురద. అమ్మ గుమ్మం దగ్గర బిందెతో నీళ్ళు పోసి అందరి కాళ్ళూ కడిగించింది.

పెద్దవాళ్ళిద్దరికీ పరుపు సరిపోయింది. భాగ్యశ్రీ నేల మీద నిలబడింది. నేను చీరలు పరుస్తున్నాను. మామిడి పిందెల అంచు చీర. కమలాక్షి నేసింది, అలిగి గుమ్మం దగ్గర పెట్టిపోయిన చీర. శారదమ్మగారు దాన్ని చూసి, “ఇదేనా షాకు కొట్టేది? దుడ్లు పోసి కొంటాము, టెస్టు చేసుకోవల్ల గదప్పా” అని కొంగు కోడలి చేతికిచ్చారు. “పట్టుకోమ్మా, ఆ లైటుకు ఆనించు.”

ఆ పిల్ల నవ్వుతూ కొంగు అందుకుని చెయ్యి పైకెత్తింది.

ఆమె పాదాల చుట్టూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎర్రటి గచ్చు మీద, రెండు పాదాల ఆకారంలో.

“ముట్టుకోవద్దు!”

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. చీర ఆ పిల్ల చేతిలోంచి లాక్కున్నాను. ఆమె జడుసుకుని గోడకు ఆనుకుంది. నేను నడవలోకి పరుగెత్తి మెయిను లాగేశాను. ఇల్లంతా చీకటి. వాన చప్పుడు ఒక్కటే.

“ఏమప్పా, ఏమయ్యింది నీకు? పెండ్లి కావాల్సిన పిల్ల మీద అట్ల అరుస్తావా?” శారదమ్మగారు లేచి నిలబడ్డారు.

“అమ్మా, షాకు కొట్టేది జరీ కాదు. లైటు. లైటుకు ఎర్తు లేదు, లోపల యాడో వైరు ఇత్తడికి తగుల్తాంది. తడికాళ్ళతో ముట్టుకునుంటే ఈ పిల్ల...”

“మరి అసలు జరీకే కరెంటు పారుతాదని చెప్తివి?”

“దొంగ జరీ అయినా రాగి ఉంటే పారుతాది. ఆ మాట చెప్పలేదు.”

శారదమ్మగారు లైటు వైపు చూసి, నా వైపు తిరిగారు. “అంటే చీరలమ్ముకునేదానికి ఇంతమంది చేత షాకు పట్టించినావు.”

అవునన్నాను.

“నన్ను చంపేదానికి పిల్చుకొచ్చినావా అత్తా?” అంది భాగ్యశ్రీ. శారదమ్మగారికి కోపం నా మీద నుంచి కోడలి మీదకీ, అక్కడి నుంచి మళ్ళీ నా మీదకీ మళ్ళింది. ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు.

వాళ్ళ కారు కదలకముందే నేను సంజీవప్ప ఇంట్లో ఉన్నాను. లైటు ఆపమన్నాను, మెయిను తియ్యమన్నాను, అన్నీ చెప్పాను.

“నా యాపారం చూసి కుళ్ళుతాండావు నువ్వు” అన్నాడు సంజీవప్ప. “నీదయితే అసలు జరీ, నాదయితే ప్రాణం తీసేదా?”

ఎంత చెప్పినా వినలేదు. ఇన్నాళ్ళూ నేను ఊరికి చెప్పిన మాటనే ఆయన నాకు అప్పజెబుతున్నాడు.

ఇంటికి వస్తే అమ్మ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది. కమలాక్షితో మాట్లాడుతోందట. ఎప్పటి నుంచి అంటే, శారదమ్మగారి కాళ్ళు కడిగించినప్పటి నుంచి. ఫోన్ పెట్టేయడం అమ్మకు చేతకాదు. నా అరుపు, అంతకు ముందూ తర్వాతా అన్నీ పెనుకొండలో వినిపించాయన్నమాట. నిన్న లైటు తీసేశానని చెప్పింది అబద్ధమన్న సంగతీ అక్కడే తేలిపోయింది.

సాయంత్రం బస్సుకి కమలాక్షి దిగింది. మా ఇంటికి రాలేదు. చేతిలో టెస్టరుతో, కాళ్ళకు రబ్బరు చెప్పులతో నేరుగా సంజీవప్ప ముందు గదిలోకి వెళ్ళింది. చెక్కపీట అడిగి వేసుకుని ఎక్కి, టెస్టరు మొన ఇత్తడి రేకుకు ఆనించింది. టెస్టరులో ఎర్రగా వెలిగింది.

“ఈ వెలుగు బల్బులో ఉండల్ల మామా. రేకులో ఉండకూడదు” అంది.

సంజీవప్ప నోరు తెరిచేలోపే వెనక నుంచి ఠక్కుమని చప్పుడు. స్వాతి మెయిను తీసేసింది. “నేను పొద్దున్నుంచీ చెప్తాండా మామా, స్విచ్చు దగ్గర తుడుస్తాంటే జిల్లుమంటాందని. నా మాట ఎవురు వింటిరి?” అని చీకట్లో ఏడ్చింది.

మా ఇంట్లో కూడా చీకటే. మెయిను తీసే ఉంచాం. దీపం పెట్టుకుని అన్నం తిన్నాం. కమలాక్షి నాతో మాట్లాడలేదు. పెరుగు మాత్రం అడగకుండానే వేసింది.

జూలై 27, ఆదివారం

పని రోజంతా పట్టింది.

ఎర్రప్పను పిలిపించాం. పాత పద్ధతిలోనే చేస్తానన్నాడు. “ఇన్నేండ్లు మేము బతకలేదా వదినా?” అన్నాడు. కమలాక్షి నా కుడిచెయ్యి పట్టుకుని చూపించింది. ఇంకా వణుకుతోంది. ఎర్రప్ప తల దించుకున్నాడు. తర్వాత చెప్పింది చెప్పినట్టు చేశాడు.

పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఎర్తు పట్టీ దించాడు. అక్కడి నుంచి మెయిను బోర్డుకు, బోర్డు నుంచి లైటు దాకా మూడో వైరు లాగి పచ్చ వైరుకు తగిలించాడు. ఏ కొంచెం కరెంటు దారి తప్పినా దానంతట అదే పడిపోయే కొత్త మెయిను పెట్టించింది కమలాక్షి. పెట్టి వేశామో లేదో, ఠక్కున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది.

“మెయిను చెడిపోయిందది” అన్నాడు ఎర్రప్ప.

“మెయిను బాగుంది కాబట్టే పడ్తాంది. లైటు దించు” అంది కమలాక్షి.

దించి చూస్తే, ఇత్తడి గిన్నె రంధ్రం దగ్గర వైరు తోలు ఒరుసుకుపోయి రాగి బయటపడి ఉంది. అక్కడ రబ్బరు ఉంగరం ఒకటి తొడగాలట. ఎర్రప్ప తొడగలేదు. ఆ వైరు మార్చి, ఉంగరం తొడిగి, పచ్చ వైరు కొసను ఇత్తడికి మళ్ళీ మరతో బిగించాడు. ఈసారి మెయిను నిలబడింది.

స్విచ్చులు మార్చే పని నేనే చేస్తానన్నాను. అందరూ నా వైపు చూశారు. అయినా కమలాక్షి సరేనంది. పక్కన నిలబడింది. మెయిను తీశాం. టెస్టరును ముందు ఎదురింటి ప్లగ్గులో పెట్టి అది వెలుగుతోందని చూసుకుని, వచ్చి మా బోర్డులో పెట్టి వెలగడం లేదని చూసుకుని, అప్పుడు మర విప్పాను. ఇత్తడి పలక వెనక ఒక సన్నటి రాగిపోగు బయటికి వచ్చి పలకను ఆనుకుని ఉంది. అమ్మ ఇన్నాళ్ళూ వేలు పెట్టింది దాని మీదే. ఇత్తడి పలకలు తీసేసి తెల్లటి మామూలు స్విచ్చులు బిగించాను. స్విచ్చును ఈసారి కరెంటు వచ్చే వైరుకే పెట్టాం. ఒక్కో మర బిగించేటప్పుడూ కమలాక్షి, “ఇంకొంచెం” అనేది.

అందరం పనిలో ఉండగా ఎవరైనా పొరపాటున మెయిను వేయకుండా అమ్మను దాని ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎవరు అడిగినా వేయనివ్వొద్దని గట్టిగా చెప్పాను. పని అయిపోయాక ఎర్రప్ప వెళ్ళి మెయిను వేయబోతే చేతికర్ర అడ్డం పెట్టింది. నేను వెళ్ళినా అడ్డం పెట్టింది.

“ఎవురు అడిగినా అంటివే. నువ్వు ఎవురు గాదా?”

చివరికి కమలాక్షి వచ్చి బతిమాలితే లేచింది. లైటు వెలిగింది. కమలాక్షి టెస్టరు పెట్టి రేకు రేకూ చూసింది. ఎక్కడా వెలగలేదు. తర్వాత తన చెయ్యి పెట్టింది.

“నీ అరుపు ఫోన్లో విన్నా” అంది, లైటు వైపే చూస్తూ. “ముందు అబద్ధం చెప్పినావని కోపం వచ్చింది. బస్సులో సగం దూరం దాకా కోపమే. తర్వాత తగ్గింది.”

జూలై 28

అమ్మకు మోకాళ్ళ నొప్పి తిరగబెట్టిందట. ఇదంతా కమలాక్షి వల్లేనని సంజీవప్ప భార్యకు చెప్పింది. సంజీవప్ప ఇంట్లో ఎర్రప్ప గుంత తవ్వుతున్నాడు. స్వాతి కుర్చీ వేసుకుని కూర్చుని, వైరు వైరుకూ పేరడుగుతోందట.

జూలై 30

వీధిలో అందరూ టెస్టరు కోసం వస్తున్నారు. కమలాక్షి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి వస్తోంది. చీరల కోసం మాత్రం ఎవరూ రావడం లేదు. జనం తొందరగా మరిచిపోతారు. మరిచిపోరు కూడా.

ఆగస్టు 1, శుక్రవారం

శారదమ్మగారి కారు మళ్ళీ వచ్చింది.

పోలీసులతో వచ్చారేమోననుకుని లోపలికి వెళ్ళబోయాను. కమలాక్షి చొక్కా పట్టుకుని ఆపింది. శారదమ్మగారు దిగారు. వెనకే భాగ్యశ్రీ, చెప్పులు విడవాలా వద్దా అని గుమ్మం దగ్గర తటపటాయిస్తూ. కమలాక్షి తన చెయ్యి లైటు మీద పెట్టి చూపించింది. అప్పుడు విడిచింది.

“ఆ పొద్దు చేతికొచ్చిన బేరం పోతాదని తెలిసి గూడా అరిచినావు” అన్నారు శారదమ్మగారు నాతో. “ఇంటికి పోయినాక ఆలోచన చేసినా. అంత నిజం చెప్పేవాడు రేటు గూడా నిజమే చెప్తాడేమోనని వచ్చినా. చెప్పప్పా, ఆ మామిడి పిందెల చీర నిజం రేటెంత?”

ఇన్నేళ్ళ వ్యాపారంలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. మొదట చెప్పే ధర ఒకటి ఉంటుంది, దిగే ధర ఒకటి ఉంటుంది, చివరి ధర ఒకటి ఉంటుంది. నిజం ధర అనేది ఎక్కడ ఉంటుందో గబుక్కున గుర్తు రాలేదు. నీళ్ళు తాగాలనిపించింది.

నేసిన మనిషి చెప్పేసింది. పట్టుకెంత, జరీకెంత, తన పనికెంత, మాకు మిగిలేదెంత, అన్నీ కలిపి ఒక్క మాటలో.

శారదమ్మగారు తల ఊపి, కూర్చుని, కొంగు సర్దుకున్నారు.

“సరే. ఇంగ దాంట్లో ఎంత తగ్గిస్తావు?”

“నిజంలో తగ్గించేదేముంటాదక్కా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఇద్దరి మధ్యా చీర పట్టుకుని నిలబడ్డాను. శారదమ్మగారు లేవబోయారు, మళ్ళీ కూర్చున్నారు. వెంట తెచ్చుకున్న సంచి తెరిచారు, మూశారు. బేరమాడకుండా కొనడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో చూస్తే జాలేసింది.

“తీసుకుందాం అత్తా” అంది భాగ్యశ్రీ. “నాకు ఇదే కావల్ల.”

కొన్నారు. అదొక్కటే కాదు, ఇంటిల్లిపాదికీ. ఒక్కో చీరకీ శారదమ్మగారు అడగడం, కమలాక్షి ఒక్క మాట చెప్పడం, శారదమ్మగారు నిట్టూర్చడం. నేను మడతలు పెట్టాను. కారెక్కేటప్పుడు శారదమ్మగారు నాతో, “నీతో బేరమే బాగుంటాది గదప్పా, కొంచెం సేపన్నా పోట్లాడుకుంటాము” అని వెళ్ళారు.

కారు మలుపు తిరిగాక కమలాక్షి నా వైపు చూసింది.

“ఆ మామిడి పిందెల చీరకు నువ్వయితే మొదలు ఎంత చెప్తాంటివి?”

చెప్పాను.

ఆమె గోడకు చేరగిలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఏమైందని అమ్మ లోపలి నుంచి అడిగింది. ఇద్దరం చెప్పలేకపోయాం. తర్వాత కమలాక్షి మగ్గం ఎక్కింది. నేను చీరలు సర్దుతూ, మధ్యాహ్నమంతా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. నిద్ర పట్టింది.